ఫ్యాను కింద నాటుకోడి

త్రికోటేశ్వరరావు ఆర్టీసీలో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గానీ అలవాటు పోలేదు. బస్సు ఆపి టిక్కెట్లు అడిగే వీల్లేకపోయేసరికి ఆయన అనుమానమంతా కోళ్ల మీదికి మళ్లింది. నరసరావుపేటలో ఎవరింట్లో ఫంక్షను జరిగినా, విస్తట్లో పడిన మొదటి ముక్కను ఆయన టిక్కెట్టు లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూసేవాడు. వేలితో నొక్కేవాడు. వాసన చూసేవాడు. ఎముక కొరికి, చప్పుడు విని, తీర్పు చెప్పేవాడు. ఇది ఫారం కోడి. ఇది సగం నాటు. ఇది నాటే గానీ కట్టేసి పెంచింది. ఆయన కూర్చున్న వరస దగ్గరికి రాగానే వడ్డించేవాళ్లు గరిటె వేగం పెంచేవాళ్లు.

ఆయన సిద్ధాంతం చిన్నదే. కోడి ఎండలో తిరగాలి, పురుగూ పుట్రా ఏరుకు తినాలి, మందూ మాకూ ఎరగకూడదు. అలాంటి కోడిని తింటే మనిషికి రోగం రాదు, నేలకు చేటు రాదు. ఫోన్లో వచ్చిన వీడియోలన్నీ చూసి పోగేసుకున్న ఈ జ్ఞానాన్ని పొద్దున్నే బీపీ మాత్ర మింగుతూ వీధిలో వాళ్లకు పంచేవాడు. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆయన జన్మలో ఒక్క కోడిని కూడా పెంచలేదు. కోడితో ఆయనకు పరిచయమంతా అది పులుసులోకి దిగిన తర్వాతే.

కూతురు వనజకు పిడుగురాళ్ల సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు జీవన్ తండ్రి యల్లమంద, సున్నపు బట్టీలకు లారీలు తిప్పే మనిషి. మాట మోటు, చెయ్యి పెద్దది. నిశ్చితార్థం రోజు మధ్యాహ్నం వాళ్లింటి పందిట్లో యల్లమంద దగ్గరుండి గారెలూ నాటుకోడి పులుసూ వడ్డించాడు. త్రికోటేశ్వరరావు ముక్క కొరికాడు, ఆగాడు, దాన్ని విస్తరి అంచున పెట్టాడు. ఎదురుగా ఉన్న భార్య పున్నమ్మ వద్దన్నట్టు కళ్లతో సైగ చేసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అలాంటి సైగలు పట్టించుకోకపోవడమే ఆయనకు పేరు తెచ్చింది.

"ఈ కోడి ఎక్కడిది బావగారూ?" అని అడిగాడు.

దాచేపల్లిలో చుట్టాల ఇంటి నుంచి తెప్పించానని యల్లమంద చెప్పాడు.

"దాచేపల్లిదే కావచ్చు. పెరిగింది మాత్రం ఫారంలో."

పందిట్లో నమలడం ఆగిపోయింది. యల్లమంద పులుసు గిన్నె కింద పెట్టి నవ్వాడు. ఆ నవ్వు పున్నమ్మకు అస్సలు నచ్చలేదు.

"సరే బావగారూ. మా నాలిక మట్టి తిని పెరిగింది, తెలవలేదు. మీ ఇంటికొస్తాం. అసలు నాటంటే ఏందో మీరే తినిపిద్దురు. మీరు పెంచిందే పెట్టాల, కొన్నది కాదు."

రెండు వైపుల చుట్టాలూ విన్నారు. త్రికోటేశ్వరరావు సరేనన్నాడు. అనక తప్పుతుందా.

పెళ్లి భోజనాల్లో మాంసం లేదు కాబట్టి అప్పటికి గండం గడిచింది. కానీ వనజ కాపురానికి వెళ్లిన దగ్గర్నించి ఆ మాట రోజూ ఆమె ముందు నడిచేది. కూర వండితే చాలు, మామగారు పీట మీద కూర్చుని, మీ నాన్న కోడి ఇంకా గుడ్డులోనే ఉందా అమ్మాయ్ అని అడిగేవాడు. పిల్ల నవ్వుతూనే ఫోన్లో తల్లికి చెప్పేది. ఆ నవ్వు ఎన్నాళ్లు నిలుస్తుందో పున్నమ్మకు తెలుసు. అల్లుడి ఇంట్లో కూతురి ముఖం నిలబడాలంటే ఈ ఇంట్లో ఒక కోడి నిఖార్సుగా పెరగాలి. వ్యవహారం అక్కడికొచ్చింది.

కోళ్లు అప్పటికే వచ్చేశాయి. నిశ్చితార్థం అయిన వారంలోనే త్రికోటేశ్వరరావు మాచర్ల అవతల ఒక తండాకు వెళ్లాడు. తల్లికోడి ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడాలని పూటంతా దాని వెనకే తిరిగాడు. తండావాళ్లు పని మానుకుని ఆయన్ను చూశారు. చివరికి తృప్తిపడి పిల్లల్ని గంపలో వేసుకుని బస్సెక్కాడు. గంపకు టిక్కెట్టు కూడా తీసుకున్నాడు.

ఇంటి పక్క ఖాళీ స్థలంలో వాటిని వదిలాడు. తుమ్మచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొన్నాళ్లు ఆయన ముఖం వెలిగిపోయింది. వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ చూపించాడు. స్వేచ్ఛ అంటే అదీ, గాలి అంటే ఇదీ అని ఉపన్యాసాలు చెప్పాడు. ఎదురింటి కోటేశ్వరి వీడియో తీసి తన పుట్టింటి వాళ్లకు పంపింది. గుడ్లు పెట్టే రోజు వస్తే రోజూ తీసుకునే మొదటి వాడిక తనదేనని మాట తీసుకుంది.

చిక్కల్లా కుర్చీ దగ్గర వచ్చింది. ఆయన కూర్చోకుండా ఉన్నా బాగుండేది. కూర్చుంటే కోళ్లు ఏం తింటున్నాయో కనిపించింది.

పురుగూ పుట్రా అనేది నోటితో అనడానికి బాగుంటుంది. కళ్ల ముందు ఒక పెట్ట బర్రెపేడ కుప్పలో మెడదాకా దూర్చి, తెల్లగా మెలికలు తిరిగేదాన్ని లాగి మింగింది. ఇంకొకటి బల్లితోక కోసం చెల్లెలితో పోట్లాడింది. అన్నిటికన్నా చురుకైనది మురుగ్గాలవ గట్టున నిలబడి, అందులోంచి ఏదో తీసి, ముక్కు దులుపుకుని, మళ్లీ తీసింది. ఆ తీసిందేమిటో త్రికోటేశ్వరరావు చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మాత్రం పులుసు సంగతి తల్చుకుని మధ్యాహ్నం మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాడు.

"ఏందయ్యా, కోళ్లు తినేవి తినకపోతే నువ్వు చెప్పే నాటు ఎట్టా అయితయ్?" అని పున్నమ్మ అడిగింది.

"పురుగులు తినాలన్నా గానీ ఈ పురుగులని అన్నానా?"

మర్నాడు నీలం వల వచ్చింది. కాలవ వైపు కట్టాడు. పేడకుప్ప వైపు కూడా కట్టాడు. తర్వాత ఒక కుక్క తొంగిచూసిందని మిగతా రెండు వైపులా కట్టాడు. కోళ్లు తిరగడానికి ఇంకా చోటుందని వచ్చినవాళ్లకు చెయ్యి చాపి చూపించేవాడు. చాపిన చెయ్యి వలకు తగిలేది.

పురుగులు అందని కోళ్లకు మేత కావాలి. బజారు మొక్కజొన్నకు మందు కొట్టి ఉంటారేమోనని జొన్నలు తెచ్చి కడిగి ఎండబెట్టాడు. కోళ్లు బక్కచిక్కాయి. వీడియోలో ఎవరో చెప్పారని బాదంపప్పు నానబెట్టి పెట్టాడు. పున్నమ్మ ఆ బాదంపప్పును కళ్ల నీళ్లు పెట్టుకోకుండా చూడలేకపోయింది. చివరికి మేత కొట్లో పౌల్ట్రీవాళ్లు కొనే గుళికల మూట తెచ్చాడు. కొద్ది రోజులే, బలానికి, అన్నాడు. ఇంటికి తెచ్చాక గుళికల్ని పాత జొన్నల గోతంలోకి మార్చాడు. వీధిలో వాళ్లు చూస్తే బాగుండదని ఆయన చెప్పలేదు. ఎలకల బాధ అన్నాడు.

పల్నాటి నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది, మనమే తాగం, వాటికెట్టా పోస్తామని ప్లాంటు నీళ్ల క్యాను ఇంకొకటి వేయించాడు. కొక్కెర తెగులు వస్తుందంటే చుక్కల మందు వేయించాడు. అది మందు కాదు, ముందుజాగ్రత్త అన్నాడు. ఇక ఎండాకాలం మొదలైంది. రెంటచింతల ఉడుకుతుంటే నరసరావుపేట ఊరికే ఉంటుందా. కోళ్లు ముక్కు తెరిచి ఎగపోస్తుంటే ఆయన ప్రాణం ఉసూరుమంది. పైన రేకులు వేయించాడు. రేకులు వేడెక్కాయని తడికెలు కట్టాడు. తడికెలతో గాలి ఆడలేదని హాల్లో ఉన్న టేబుల్ ఫ్యాను తీసుకెళ్లి లోపల పెట్టాడు. అప్పటి నుంచి పున్నమ్మ విసనకర్రతో విసురుకుంటూ సీరియల్ చూసేది. ఏమన్నా అంటే, నెల రోజులు ఓర్చుకోలేవా, కూతురి మర్యాద సంగతి అనేవాడు.

ఈలోగా పెట్టలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. కోటేశ్వరి వాడిక తీసుకుంది, మూడోనాడు గుడ్డొకటి చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది.

"బాబాయి గారూ, ఇదేంది, దీనికి పెంట అంటుకుంది?"

"కోడి పెట్టింది గదమ్మా."

"అయితే మాత్రం. కొట్లోవి శుభ్రంగా ఉంటయ్. సైజు గూడా ఉంటది. మా పిల్లోడు ఈ సొన రంగు చూసి రంగేశారంటన్నాడు. నాటు గుడ్డే కావాల గానీ, కాస్త కొట్టు గుడ్డులాగా ఉంటే బాగుండేది."

ఆ మాట కోటేశ్వరి ఒక్కతే పైకి అంది. వీధి మొత్తం మనసులో అనుకుంది. త్రికోటేశ్వరరావు ఆ రోజు నుంచి గుడ్లు కడిగి, తుడిచి, పెద్దవి ఏరి ఇచ్చేవాడు. చిన్నవి తామే తినేవాళ్లు. తను కోళ్లఫారం పెట్టానని ఆయనకు ఒక్క నిమిషం కూడా తట్టలేదు. మనిషి ఒక్కో అడుగూ మంచి ఉద్దేశంతోనే వేస్తే ఎక్కడికి చేరానో చూసుకునే తీరిక ఉండదు.

మే నెలాఖరున వనజ ఫోన్ చేసింది. ఆదివారం మామగారూ అత్తగారూ అందరం వస్తున్నాం, ఇంక వాయిదా వెయ్యొద్దు, అంది. గొంతులో నవ్వు లేదు.

ఆదివారం పొద్దున్నే త్రికోటేశ్వరరావు ఫ్యాను తీసి అటక మీద పెట్టాడు. నీళ్ల క్యాను దాచాడు. వల విప్పి చుట్టి మంచం కిందకు తోశాడు. కోళ్లకు స్వేచ్ఛ ఇచ్చాడు. అవి బయటికి రాలేదు. చేత్తో పట్టుకుని ఒక్కొక్కదాన్నీ ఎండలో నిలబెట్టాడు. నిలబెట్టినచోటే కూర్చున్నాయి. ఒకటి లేచి నాలుగడుగులు వేసి, అలిసి, ఆయన చెప్పు మీద వాలింది.

అదేదో ఎండదెబ్బ అనుకున్నాడు. లోపలి నుంచి పున్నమ్మ పిలిచింది. బాగా ఎదిగిన పుంజును ముందురోజు అనుకున్నట్టే కోసి పొయ్యి మీద పెట్టింది. నాటుకోడి గదా, పొద్దున్నే మొదలుపెడితే గానీ మధ్యాహ్నానికి ఉడకదని తొందరపడింది. మసాలా నూరి వచ్చేసరికి ముక్క ఉడికిపోయింది. గరిటె పెడితే ఎముక ఒక పక్కకు, మాంసం ఒక పక్కకు విడిపోయాయి.

త్రికోటేశ్వరరావు ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పళ్ల అవసరం రాలేదు.

ఇన్నేళ్లలో ఊళ్లో ఎందరి విస్తళ్ల దగ్గరో ఆయన చెప్పిన తీర్పు ఇప్పుడు సొంత వంటింట్లో, సొంత నాలుక మీద పడింది. ఇది ఫారం కోడి. అనుమానం లేదు. యల్లమంద ఒక్క ముక్క కొరికితే చాలు, నవ్వి గిన్నె పక్కన పెడతాడు. ఆ తర్వాత జీవితాంతం వనజ ఆ ఇంట్లో ఆ నవ్వు తింటూ బతకాలి.

"ఇంకోటి కోద్దామా?" అంది పున్నమ్మ.

"అన్నీ ఒకే ఫ్యాను కింద పెరిగినయ్యే," అన్నాడాయన. ఆ మాట అన్నాక గానీ ఏం చేశాడో ఆయనకే వినపడలేదు.

స్కూటర్ తీసి జమాల్ చికెన్ కొట్టుకు వెళ్లాడు. జమాల్ ఆయనకు కొత్త కాదు. ఆ కొట్టు ముందు నిలబడి, విషం అమ్ముతున్నావయ్యా అని కొనేవాళ్ల ముందే అన్న మనిషి త్రికోటేశ్వరరావు. జమాల్ అవేమీ మనసులో పెట్టుకునే రకం కాదు. పెట్టుకుంటే కొట్టు నడవదు. సంగతంతా విని, కత్తి తుడుచుకుంటూ, వెనక బుట్టలోంచి ఒక తెల్ల కోడిని తీశాడు. ఈకలు సగం ఊడిన ముసలి పెట్ట. పౌల్ట్రీలో గుడ్లు పెట్టీ పెట్టీ, ఇంక పెట్టలేనని మానేస్తే దింపేసిన లేయరు కోడి. పుట్టిన దగ్గర్నించీ ఇనప గూట్లో నుంచి కాలు బయట పెట్టి ఎరగదు.

"ఇది గూట్లో పెరిగింది గదా?" అన్నాడు త్రికోటేశ్వరరావు, గొంతు తగ్గించి.

"గూట్లో పెరిగితే ఏమైంది సార్, ముసలిదయింది. గంటన్నర ఉడికినా దవడ పట్టేస్తది. పేటలో ఫంక్షన్లకు ఎల్లే నాటుకోడి చానావరకు ఇదే. పోయిన శ్రీరామనవమి తర్వాత గృహప్రవేశంలో మీరు తిని, ఇదిరా నాటంటే అని చెయ్యెత్తి చెప్పలా? ఆ రోజు ఎగస్ట్రాగా నాలుగు ఆర్డర్లొచ్చినయ్ నాకు. మీ దయ."

త్రికోటేశ్వరరావుకు ఆ గృహప్రవేశం బాగా గుర్తుంది. మారు వడ్డించుకున్నాడు కూడా. జమాల్ ఎగతాళి చేస్తున్నాడా, నిజంగానే కృతజ్ఞత చెబుతున్నాడా అని ముఖంలోకి చూశాడు. జమాల్ అప్పటికే కోడి పని మొదలుపెట్టాడు. పసుపు పూసి మంట మీద కాల్చి ఇచ్చేసరికి దాని తెలుపు, దాని గూడు, దాని చరిత్ర అన్నీ మాయమయ్యాయి. ముదురు పసుపురంగులో అది పల్నాటి పొలాలన్నీ తిరిగొచ్చిన కోడిలా ఉంది.

వియ్యంకుడి కారు వచ్చేటప్పటికి కుక్కర్ కూతలు మొదలయ్యాయి. యల్లమంద హాల్లో కూర్చుని మజ్జిగ తాగుతూ విన్నాడు. కూత తర్వాత కూత. మొదట్లో ఎగతాళిగా తల ఊపాడు. కొంతసేపటికి తల ఊపడం మానేశాడు. మరి కొంతసేపటికి, ఇంకా కాలేదా బావగారూ అని అడిగాడు. ఆ గొంతులో ఆకలి ఉంది, కాస్త భయం కూడా ఉంది. త్రికోటేశ్వరరావు గోడవైపు చూస్తూ, బయట తిరిగిన ఒళ్లు గదా, అంత తేలిగ్గా లొంగదు అన్నాడు.

వంట అయ్యేలోగా కోళ్లను చూస్తానని యల్లమంద లేచాడు. తుమ్మచెట్టు నీడలో అవి పొద్దున కూర్చోబెట్టినచోటే ఉన్నాయి. నున్నగా, గుండ్రంగా, కళ్లు మూసుకుని.

"ఒళ్లు చేసినయ్యే."

"తిండి అట్టాంటిది. పొలాల్లో ఏం దొరికితే అది."

"కదలట్లేదేంది?"

"పొద్దున్నించి తిరిగి తిరిగి ఇప్పుడే వచ్చినయ్ బావగారూ."

తలుపు దగ్గర నిలబడిన పున్నమ్మ కొంగుతో నోరు మూసుకుని లోపలికి వెళ్లిపోయింది.

భోజనానికి కూర్చున్నారు. గారెలు పెట్టారు, పులుసు పోశారు. యల్లమంద తొడ ముక్క ఎంచుకుని కొరికాడు. ముక్క లొంగలేదు. పక్కకు తిప్పి కొరికాడు. నరం ఒకటి సాగింది గానీ తెగలేదు. దవడ కండలు బిగిసి, మెడ నరాలు లేచి, కంట నీళ్లు తిరిగే దాకా నమిలాడు. హాలంతా ఆ దవడ వైపే చూసింది. వనజ మంచినీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. చివరికి ఆ ముక్క గొంతు దిగింది. యల్లమంద చెయ్యి కడుక్కోకుండానే కుడిచేత్తో వియ్యంకుడికి దండం పెట్టినట్టు చేశాడు.

"ఒప్పుకుంటన్నా. నేను పెట్టింది కోడే కాదు. ఇదీ కోడంటే."

వనజ ముఖం మీదికి నవ్వు తిరిగొచ్చింది. జీవన్ ఫోన్ తీసి కూర గిన్నెను ఫొటో తీశాడు. త్రికోటేశ్వరరావు తన విస్తట్లోని ముక్క కొరికాడు. ఇనప గూట్లో పుట్టి, గూట్లోనే ముసలైన కోడి అని తెలిసీ కొరికాడు. నాలుక ఏ తేడా చెప్పలేదు. తెలియకపోతే ఇవాళ కూడా చెయ్యెత్తి చెప్పేవాడు. తల వంచుకుని నములుతూ పోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు అది ఆనందం అనుకున్నారు.

వెళ్లేటప్పుడు యల్లమంద, ఊళ్లో చెప్పుకోవాలి, రెండు పెట్టల్ని ప్రాణంతో ఇవ్వండి బావగారూ అన్నాడు. కాదనడానికి కారణం దొరకలేదు. కారు డిక్కీలో పెడితే అవి కిక్కురుమనలేదు. ఏసీ ఉండే బండి అని తెలిసినట్టు సర్దుకుని కూర్చున్నాయి.

ఆ తర్వాత త్రికోటేశ్వరరావుకు నిద్ర కరువైంది. పిడుగురాళ్లలో వాటిని కోస్తారు, ఉడికిస్తారు, గుట్టు బయటపడుతుంది. వారం గడిచింది. ఫ్యాను అటక మీద నుంచి దిగి మళ్లీ కోళ్ల దగ్గరికి చేరింది. వల మంచం కింద నుంచి వచ్చి ఎక్కడి గుంజకు అక్కడ కట్టుకుంది. ఒక మధ్యాహ్నం ఆయన వాటికి గుళికలు పోస్తుండగా ఫోన్ మోగింది. యల్లమంద.

కుశలప్రశ్నలయ్యాయి. తర్వాత యల్లమంద గొంతు బాగా తగ్గింది. ఇంట్లో వాళ్లకు దూరంగా వచ్చి మాట్లాడుతున్నట్టుంది.

"ఎవురితో అనబాకండి బావగారూ. ఆ రోజు మీరు పెట్టింది నాటే, కాదన్లా. నాకు మూడ్రోజులు దవడ నొప్పి. డాక్టర్ దగ్గరికి గూడా పోయొచ్చా. మీరిచ్చిన పెట్టలున్నయ్యే, అవి మాత్రం యెన్నపూస. మా ఇంటిది ఎముకలు తీసి చుట్టాల పిల్లలకు పెట్టింది, చిటికెలో లేచిపోయినయ్. నాటంటే ఇట్టా ఉండాల. బయట తిరగాల, పురుగులు తినాల, నోట్లో ఏస్తే కరగాల. మా బంధువులు గూడా అడుగుతన్నారు. అట్టాంటియే ఇంకో నాలుగు పంపిద్దురూ."

త్రికోటేశ్వరరావు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కోళ్ల వైపు చూశాడు. ఫ్యాను గాలి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతోంది. గాలి తిరిగిన వైపు అవి మెడ తిప్పుతున్నాయి. కాళ్లు మాత్రం కదపడం లేదు.

"ఇస్తా గానీ బావగారూ, కాస్త టైమివ్వండి," అన్నాడు. "పొలాల మీద పడి తిరుగుతన్నయ్. పట్టుకోవాలంటే రెండు రోజులు పట్టిద్ది."